ఉత్తరపు గోడ

సుత్తి ఎత్తిన ప్రతిసారీ ఎవిస్ బోరెట్‌కి ఎదురుగా గోడ కనిపించడం లేదు, క్రిస్పిన్ లేసీ ముఖం కనిపిస్తోంది. నున్నగా గీసిన ఆ గడ్డం మీద ఒక దెబ్బ, ఎప్పుడూ కాస్త పైకెత్తి ఉంచే ఆ ముక్కు మీద ఇంకో దెబ్బ. సిమెంటు పెచ్చులు ఊడి ఆమె రబ్బరు బూట్ల మీద పడుతున్నాయి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఏప్రిల్ చలిగాలిలో ఒళ్ళంతా చెమట పట్టి, పొద్దుటి నుంచి ఒక్క కప్పు టీతో కొడుతూనే ఉంది.

"అలా కొడితే గోడ ఊడదు, మీ చెయ్యి ఊడుతుంది," అన్నాడు విల్ఫ్ కెరిడ్జ్. "ఉలి పక్కవాటుగా పెట్టండి, మిసెస్. కింద దూరి పైకి లేవాలి. కోపంతో కొడితే సగం బలం గాల్లోకే పోతుంది."

"పోనీ. నా దగ్గర కావలసినంత ఉంది."

విల్ఫ్‌కి డెబ్భై రెండేళ్ళు. సఫోక్‌లో ఆ చుట్టుపక్కల పాత ఇళ్ళ చట్రాలు విప్పి బిగించగల వడ్రంగులు ముగ్గురే మిగిలారు. మిగతా ఇద్దరికీ ఇళ్ళూ పొలాలూ కౌలుకిచ్చే ఎస్టేటు పేరు వినగానే నడుం నొప్పి వచ్చింది. విల్ఫ్ మాత్రం పిలవకుండానే సైకిలెక్కి వచ్చి, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, మధ్యాహ్నం భోజనం పెడితే చాలన్నాడు. ఎందుకొచ్చావని ఎవిస్ అడగలేదు. అడిగితే వెళ్ళిపోతాడేమోనని భయం.

హాబెట్స్ ఫారం ఇంటికి నాలుగువందల ఏళ్ళు దాటాయి. ఇల్లంటే అసలు ఇల్లంతా ఓక్ చట్రమే. నేలబారున ఇటుకల వరస, దాని మీద అడ్డంగా అడుగు దూలం, దూలం మీద నిలువు స్తంభాలు, స్తంభాల నెత్తిన మళ్ళీ దూలాలు, ఆపైన వాసాలు. స్తంభాల మధ్య హేజెల్ కొమ్మల బద్దలతో దడి కట్టి, ఎండుగడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన సున్నం పూశారు. సున్నపు గోడ వానని తాగుతుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. సిమెంటు అలా కాదు. వెంట్రుకవాసి పగులులోంచి నీళ్ళు లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. ఉత్తరపు గోడ ఆ సిమెంటు లోపల పద్నాలుగేళ్ళుగా నానుతోంది.

విల్ఫ్ మోకాళ్ళ మీద కూర్చుని కొత్తగా బయటపడిన అడుగు దూలాన్ని వేలితో నొక్కాడు. తర్వాత జేబులోంచి మడత కొలబద్ద తీసి గుచ్చాడు. మెత్తటి కేకులోకి దిగినట్టు తొమ్మిది అంగుళాలూ దిగిపోయింది. బయటికి తీస్తే కొలబద్దకి ముక్కుపొడుంలాంటి గోధుమరంగు పిండి అంటుకుని వచ్చింది.

"ఓక్ ఇది," అన్నాడు నెమ్మదిగా. "పొడిగా ఉంచితే ఇంకో నాలుగొందల ఏళ్ళు ఉండేది."

"ఈ సిమెంటు పూసిన చెయ్యి కూడా ఇలాగే కుళ్ళిపోవాలి," అంది ఎవిస్. "పూసినవాడిదీ, పూయించినవాడిదీ."

విల్ఫ్ కొలబద్దని ప్యాంటుకి తుడుచుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎస్టేటు పంపిన నోటీసు వంటింటి అల్మరాలో టీ డబ్బా కింద ఉంది. అందులోని రెండు మాటలూ ఆమెకి కంఠతా వచ్చేశాయి. ఒకటి, ఉత్తరపు గోడ కింద కుళ్ళిన దూలాన్ని కౌలుదారు ఏప్రిల్ ఆఖరి శుక్రవారంలోగా మార్చాలి. రెండు, కౌలుదారు అనుమతి లేకుండా వేయించిన సిమెంటు వల్లే ఇల్లు పాడయింది కాబట్టి, దూలం మార్చినా సరే, ఫారం ఖాళీ చేయాలి. ఈ రెండో మాట మీద ఎవిస్ మధ్యవర్తిని కోరింది. ఆయన శుక్రవారం వస్తాడు. దూలం సంగతి విల్ఫ్ చూస్తాడు. సిమెంటు తాను వేయించలేదని మాత్రం ఆమే రుజువు చేసుకోవాలి, చేతిలో ఒక్క కాగితం ముక్క లేదు.

మూడు గంటలకి లాండ్ రోవర్ వచ్చి గేటు దగ్గర ఆగింది. ఎస్టేటు ఏజెంటు లేసీ దిగాడు. గోడ దగ్గరికి రాలేదు, బురద అంటని చోటు చూసుకుని నిలబడ్డాడు.

"ఇంకా ఆడుకుంటున్నారా, మిసెస్ బోరెట్? ఈ వయసులో మీకెందుకండీ ఈ శ్రమ? టౌన్లో బుల్లి బుల్లి ఇళ్ళున్నాయి. మెట్లెక్కే పని లేదు, కుళాయి తిప్పితే వేడినీళ్ళు."

"మీకంత నచ్చితే మీరే వెళ్ళి ఉండండి."

"పాపం, మీ ఆయన రెజ్ మంచివాడే. సిమెంటు వేయించొద్దయ్యా అని అప్పట్లోనే చెప్పాను. వింటేగా."

ఎవిస్ చేతిలోని సుత్తి కొద్దిగా లేచింది. "ఆ మే నెలంతా రెజ్ ఇప్స్‌విచ్ ఆసుపత్రిలో పొట్ట కోయించుకుని పడుకున్నాడు. నేను పక్కన కుర్చీలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి గోడ బూడిదరంగులో ఉంది. మీరు ఇదిగో, ఇక్కడే నిలబడి, ఎస్టేటు కానుక అన్నారు."

"కాగితం ఉందా?"

ఆమె పళ్ళు కొరుక్కుంది. లేసీ చిన్నగా నవ్వి విల్ఫ్ వైపు తిరిగాడు.

"ఏం కెరిడ్జ్, మా ఎస్టేటు కాటేజీలో పొయ్యి పొగ బాగా లాగుతోందా?"

"లాగుతోంది, సార్."

"మంచిది. ఆ కాటేజీ కోసం నా దగ్గర తొమ్మిది పేర్లున్నాయి. నువ్వు రిటైరైన మనిషివి, ఇంటిపట్టున హాయిగా కూర్చోక ఇవన్నీ నీకెందుకు?"

"చేతులు ఊరుకోవు, సార్," అన్నాడు విల్ఫ్, టోపీ అంచు ముట్టుకుని.

బండి వెళ్ళిపోయాక ఎవిస్ అటు చూసి ఉమ్మింది. అలాంటి పని ఆమె ఎప్పుడూ చేయలేదు, చేశాక హాయిగా అనిపించింది. "వాడి ముఖం మాడిపోవాలి విల్ఫ్. నా ఎదురుగా, ఆ మధ్యవర్తి ఎదురుగా మాడిపోవాలి. ఆ తర్వాత నేను పోయినా ఫరవాలేదు."

"ఆ పడమటి మూల మీరు ముట్టుకోకండి," అన్నాడు విల్ఫ్, ఆమె మాట విననట్టు. "అక్కడ స్తంభం బలహీనం. నేను చూసుకుంటాను."

మంగళవారం గోడని లేపారు. స్తంభాలకి రెండు వైపులా దిట్టమైన చెక్క దిమ్మలు బోల్టులతో బిగించి, దిమ్మల కింద లారీలకి వాడే జాకీలు పెట్టాడు విల్ఫ్. లేపవలసింది నాలుగే అంగుళాలు. అంతమాత్రానికే పొద్దంతా పట్టింది. జాకీ పిడి ఒక్కసారి నొక్కడం, ఆగడం, వినడం. ఇల్లు మూలిగింది. ఎక్కడో పైన వాసాల్లోంచి నాలుగువందల ఏళ్ళ దుమ్ము రాలింది.

"ఇప్పుడు పైకెళ్ళి చూసి రండి," అనేవాడు నొక్కిన ప్రతిసారీ.

లోపలి గోడల పగుళ్ళ మీద అతను పొద్దున్నే పాత న్యూస్‌పేపరు పట్టీలు మైదాతో అతికించాడు. కాగితం చిరిగితే ఇల్లు తట్టుకోలేకపోతోందని అర్థం, వెంటనే ఆపాలి. ఎవిస్ మెట్లెక్కి ఒక్కో పట్టీ చూసి వచ్చేది. అందులో నాలుగు పట్టీలు ఉత్తరపు గదిలో ఉన్నాయి. ఆరేళ్ళుగా ఆమె ఆ గది తలుపు తీయలేదు. గోడ నిండా నల్లటి బూజు, కిటికీ కింద మంచం, మంచం తలాపి గోడకి ఆనుకుని ఉన్నచోట మనిషి భుజమంత మేర రంగు వెలిసిన మరక. రెజ్ పోయేదాకా ఎనిమిది చలికాలాలు అక్కడే పడుకున్నాడు. మంచం ఇటు జరుపుదాం అంటే, కిటికీలోంచి ఆవులు కనబడాలి అనేవాడు. దగ్గు చూసి డాక్టరు పొగ మానేయమన్నాడు. జన్మలో రెజ్ సిగరెట్టు ముట్టలేదు.

"కాగితాలు బాగానే ఉన్నాయి," అని అరిచేది ఎవిస్ కిటికీలోంచి. కిందికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. విల్ఫ్ ఆ కళ్ళవైపు చూసేవాడు కాదు, ఎప్పుడూ రసమట్టం వైపే చూసేవాడు.

సాయంత్రానికి గోడ బరువంతా జాకీల మీదికి వచ్చింది. కుళ్ళిన దూలాన్ని పారతో ఎత్తి తోపుడుబండిలో పోశారు. దూలమని చెప్పుకోవడానికి అందులో మూరెడు ముక్క కూడా మిగల్లేదు.

బుధవారం కొత్త ఓక్ దూలం తేవడానికి విల్ఫ్ రంపపు మిల్లుకి వెళ్ళాడు. ఎవిస్‌కి చేతులు కట్టుకుని కూర్చోవడం చేతకాదు. చేయడానికి మిగిలింది పడమటి మూల ఒక్కటే. ముట్టుకోవద్దని అతను చెప్పిన మాట గుర్తుంది, కానీ జాకీలు గట్టిగా నిలబడ్డాయి, ఇంక భయమెందుకనుకుంది. వాననీళ్ళ పీపా పక్కకి దొర్లించి, నడుమెత్తులో ఉలి పెట్టి, అతను చెప్పినట్టే పక్కవాటుగా కొట్టింది. పైపూత ఒకే పలకగా ఊడి పడింది.

సిమెంటు రెండు పూతలుగా వేస్తారు. మొదటి పూత మీద రెండోది పట్టుకోవాలని తడిగా ఉండగానే దువ్వెనలాంటి దానితో గీతలు గీస్తారు. ఆ గీతల మధ్య, అరచేయంత నున్నటి చోట, మేకుతో చెక్కిన అక్షరాలున్నాయి. డబ్ల్యూ. కె. దాని కింద, మే 1971.

ఎవిస్ ముందు సంతోషించింది. దొరికింది! పనివాడు పేరు చెక్కిపోయాడు, వాణ్ణి పట్టుకుంటే లేసీ దొరుకుతాడు. డబ్ల్యూ. కె. ఎవరై ఉంటారు? వాట్సన్? కాదు, ఇంటిపేరు కె తో మొదలవ్వాలి. విల్... కె...

సుత్తి ఆమె చేతిలోంచి జారి బూటు పక్కన పడింది.

మూడు రోజులుగా ఆమె వంటింట్లో కూర్చుని మాంసం కూరా ఉడకబెట్టిన బంగాళాదుంపలూ తింటున్నాడు. ఇంకొంచెం వేసుకో విల్ఫ్ అని ఆమే వడ్డించింది. ఈ చెయ్యి కుళ్ళిపోవాలి అంటే వింటూ కొలబద్ద తుడుచుకున్నాడు. ఈ మూల ముట్టుకోవద్దన్నాడు. ముందే వచ్చి రుజువు మాయం చేద్దామనే వచ్చాడు! కానుకలా, పిలవకుండా, సైకిలెక్కి!

లేసీ మీద ఉన్న కోపం ఆమెకి పాతది, అలవాటైనది, చలికాలంలో వేసుకునే కోటులాంటిది. ఇది అలాంటిది కాదు. పీపా మీద కూర్చుని చాలాసేపు ఆ అక్షరాలనే చూసింది. తర్వాత లేచి, చుట్టూ ఉలితో జాగ్రత్తగా తవ్వి, లోపలి ఇనుప వలతో సహా ఆ పలకని ఊడదీసి, రొమ్ముకి ఆనించుకుని పాలగదిలోకి మోసుకెళ్ళి, గోనెపట్టా కప్పింది.

విల్ఫ్ నాలుగింటికి మిల్లు ట్రాక్టరు మీద తిరిగొచ్చాడు. దూలం దింపించాడు. పడమటి మూలకేసి చూశాడు. ఖాళీ దడి కనబడుతోంది.

"ఆ మూల ఊడబెరికేశారే," అన్నాడు.

"ఊడబెరికాను. పిండి పిండై పడిపోయింది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె దూలం వైపు చూసింది. ఆ పూట అతనికి భోజనం పెట్టలేదు, టీ కూడా ఇవ్వలేదు. అతను అడగలేదు.

గురువారం పొద్దున్న పని చకచకా సాగింది. విల్ఫ్ దూలం మీద గుంతలు ముందే తొలిచాడు. స్తంభాల కిందికొసలు నాలుకల్లా చెక్కి ఉంటాయి. అవి గుంతల్లోకి దిగాలి, ఆపైన అడ్డంగా బెజ్జం వేసి చెక్కమేకు బిగించాలి. దూలంలో బెజ్జమూ నాలుకలో బెజ్జమూ ఎదురెదురుగా ఉండకూడదు, ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా ఉండాలి. అప్పుడు మేకు దిగుతున్నకొద్దీ నాలుకని లోపలికి లాగి పట్టుకుంటుంది. ఇనుప మేకులూ జిగురూ ఏమీ అక్కర్లేదు. ఎవిస్ అతను అడిగిన పనిముట్టు అందిస్తూ పోయింది. బాడిస అంటే బాడిస, చిత్రిక అంటే చిత్రిక.

పదకొండింటికి దూలం ఇటుకల మీద కూర్చుంది. పడమటి స్తంభం నాలుకకి పాత కుళ్ళు కాస్త అంటుకుని ఉంది. అది శుభ్రం చేయడానికి విల్ఫ్ నేల మీద పక్కకి ఒరిగి పడుకుని, దూలానికీ స్తంభానికీ మధ్య సందులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. పైన గోడ, గోడ మీద మేడ, మేడ మీద పెంకులు. అంత బరువూ రెండు జాకీల మీద ఆగి ఉంది. వాటిలో ఒకదాని పక్కన ఎవిస్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. జాకీ అడుగున వేలెడంత మర ఒకటుంటుంది. అది అరచుట్టు తిప్పితే చాలు, జాకీ దిగిపోతుంది.

ఆమె ఆ మర మీద చెయ్యి వేసింది.

"విల్ఫ్."

"ఊఁ."

"డెబ్భై ఒకటి మే నెలలో నువ్వెక్కడున్నావ్?"

సందులోంచి వినిపిస్తున్న గీకుడు ఆగిపోయింది. అతనికి ఆమె కనబడదు, ముఖం గోడవైపు ఉంది.

"చూశారన్నమాట," అన్నాడు.

"చూశాను."

"మీ చెయ్యి జాకీ మీద ఉందా?"

"ఉంది."

అతను చెయ్యి బయటికి తీసుకోలేదు. తీసుకుంటాడని ఆమె అనుకుంది. తీసుకుంటే ఏం చేయాలో కూడా అనుకుని పెట్టుకుంది.

"లేసీ సంచులు పంపించాడు. మూడు రోజుల పని. ఓక్‌కి ఊపిరాడదు సార్, లోపల చెమట పట్టి చస్తుంది అన్నాను. అంటే, కాటేజీ జాబితాలో నీ పేరుంది కదూ కెరిడ్జ్ అన్నాడు. మా ఆవిడ జోన్‌కి అప్పటికే మోకాళ్ళు పోయాయి. మెట్లెక్కలేకపోయేది. నేను ఇంకేమీ అనలేదు."

"పేరెందుకు చెక్కావ్ మరి? గొప్పగా ఉందనా?"

"మంచి పని చేసినప్పుడు నేనెప్పుడూ పేరు పెట్టలేదు, మిసెస్. చుట్టుపక్కల ఎన్ని చూరుల కింద నా చేతిపనుందో ఎవరికీ తెలీదు. కానీ ఇది చేస్తుంటే, దీనికి మాత్రం ఎవడో ఒకడి పేరుండాలనిపించింది. ఎప్పటికైనా ఎవరో ఒకరు పెరికి చూస్తారు, చూసి తిట్టుకోవాలంటే వాళ్ళకి ఒక పేరుండాలి కదా."

"మరి ముట్టుకోవద్దన్నావెందుకు?"

"తీరా చూసేది మీరవుతున్నారని భయమేసింది."

ఎవిస్ వేళ్ళు ఆ ఇనుప మర చుట్టూ బిగుసుకుని తెల్లబడ్డాయి. "రెజ్ ఆ గోడ పక్కనే పడుకున్నాడు. ఎనిమిదేళ్ళు."

"తెలుసు. మీ ఇంటి పక్క సందులోంచి సైకిల్ మీద వెళ్తుంటే దగ్గు వినబడేది. ఆఖరి రెండేళ్ళూ చెరువుగట్టు మీదుగా చుట్టుతిరిగి వెళ్ళేవాణ్ణి."

ఒక్క అరచుట్టు. ఎవరూ ఏమీ అనరు. ముసలాడు, జాకీ జారింది, పాపం అంటారు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి సిగ్గు వేయలేదు. తియ్యగా ఉంది కూడా. ఆ తీపి గొంతులోనే ఉండగా, ఇప్పుడు వీడి చెయ్యి విరిగితే రేపు లేసీ ముందు నోరు విప్పేవాడు ఉండడని తోచింది. చెయ్యి విరిగినా నోరుంటుంది కదా అని కూడా తోచింది. ఈ లెక్కలు తనే వేస్తోందా అని ఆమెకే ఒళ్ళు జలదరించింది.

"చెయ్యి తీసుకో," అంది.

"ఇంకాస్త కుళ్ళుంది. ఒక్క నిమిషం." గీకుడు మళ్ళీ మొదలైంది. అతను మొత్తం శుభ్రం చేసేదాకా ఆమె కదలకుండా కూర్చుంది. అప్పుడు గాని చెయ్యి తీయలేదతను.

గోడని దింపారు. నాలుకలు గుంతల్లోకి దిగాయి. చెక్కమేకులు ఆమే కొట్టింది. ప్రతి దెబ్బకీ ఇల్లు ఒక వెంట్రుకవాసి బిగుసుకున్నట్టు చప్పుడైంది.

"రేపు వాళ్ళముందు చెప్తావు," అంది చివరి మేకు బిగిశాక. "చెప్పకపోతే నేనే పలక చూపించి చెప్పిస్తాను. ఆ తర్వాత నీ ముఖం నాకు చూపించకు."

"సరే," అన్నాడు విల్ఫ్, పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకుంటూ.

మధ్యవర్తి టోవెల్ పొట్టి మనిషి. వస్తూనే కోటు విప్పి కంచె మీద వేసి, గోనెపట్టా పరుచుకుని కొత్త దూలం ముందు పాకుతూ తిరిగాడు. మేకుల తలలు తట్టి చూశాడు. సందుల్లో గోరు పెట్టి చూశాడు, గోరు దూరలేదు.

"ఎవరి పని?"

"నాదండి," అన్నాడు విల్ఫ్.

"ఊఁ," అన్నాడు టోవెల్. అంతకుమించి పొగడ్త ఆయన ఎవరికీ ఇచ్చినట్టు లేదు. "దూలం సంగతి అయిపోయింది. ఇక సిమెంటు."

లేసీ గొంతు సవరించుకున్నాడు. చనిపోయినవారి గురించి చెడుగా మాట్లాడడం తనకిష్టం లేదన్నాడు. మాట్లాడాడు. రెజ్ బోరెట్ మొండితనం గురించి, తాను ఎన్నిసార్లు వారించిందీ, ఎంత బాధపడిందీ. ఎవిస్ అడ్డు రాకుండా చెప్పనిచ్చింది. ఇంత నిబ్బరం తనకెక్కడిదో ఆమెకే తెలియలేదు. అతను ముగించాక పాలగదిలోంచి పలక మోసుకొచ్చి, కంచెకి ఆనించి, గోనెపట్టా లాగింది.

టోవెల్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. లేసీ కూడా చదివాడు. ఒక్క క్షణం అతని ముఖం ఖాళీ అయింది. ఇదిగో, ఇదే అనుకుంది ఎవిస్. కానీ వెంటనే అతను నవ్వేశాడు.

"కెరిడ్జ్! నువ్వటయ్యా! సరిపోయింది. ఊళ్ళో చిల్లర పనులన్నీ చేసేవాడు. రెజ్ పిలిచి ఉంటాడు, వెళ్ళి ఉంటాడు. అంతేగా కెరిడ్జ్? నిన్ను పనికి పిలిచింది రెజ్ బోరెట్టేగా?"

పలక ఇంకొకవైపు కూడా తిరుగుతుందని ఎవిస్‌కి తట్టనే లేదు. పేరు విల్ఫ్‌ది, అంతే. పూసినవాడెవడో అది చెబుతుంది, పూయించినవాడెవడో చెప్పదు. అది చెప్పాలంటే ఆ ముసలాడి నోరొక్కటే ఉంది. ఆ నోరు పద్నాలుగేళ్ళు మూసుకుని ఉంది, నిన్న ఆ మనిషితోనే ఆమె ఇక నీ ముఖం చూపించకంది. అవును సార్ అంటే చాలు, కాటేజీ ఉంటుంది, పొయ్యి పొగ లాగుతుంది.

విల్ఫ్ టోపీ తీశాడు. "కాదు సార్. మీరు పిలిచారు. సంచులు మీరు పంపారు. వద్దని నేను చెప్పాను. వినలేదు మీరు. విననందుకు పోట్లాడాల్సింది, పోట్లాడలేదు నేను."

"జాగ్రత్తగా ఆలోచించుకుని మాట్లాడు," అన్నాడు లేసీ. గొంతు మెత్తగా ఉంది. "పెద్దవాడివి. మతిమరుపు సహజం. ఎవరి కప్పు కింద ఉంటున్నావో అదైనా గుర్తుందిగా?"

"మిస్టర్ లేసీ," అన్నాడు టోవెల్, కాగితంలోంచి తలెత్తకుండానే. "ఆ చివరి వాక్యం మళ్ళీ ఒకసారి చెప్తారా? పెన్సిల్ ములికి విరిగింది."

లేసీ మళ్ళీ చెప్పలేదు. టోవెల్ జేబులోంచి చాకు తీసి, తీరుబడిగా పెన్సిల్ చెక్కుకుని, గుర్తున్నంతవరకు రాసుకున్నాడు. తీర్పు ఉత్తరంలో వస్తుందన్నాడు. నోటీసు నిలుస్తుందని మాత్రం తాను అనుకోవడం లేదన్నాడు.

పద్నాలుగేళ్ళుగా కలలు కన్న ముఖం ఎవిస్‌కి ఎదురుగా ఉంది. తీరా చూస్తే అది బస్సు తప్పిపోయిన మనిషి ముఖంలా ఉంది, అంతే. ఇంకేదో ఉంటుందనుకుని ఆమె చాలాసేపు వెతికింది. లేసీ గేటు వేయకుండానే వెళ్ళిపోయాడు.

ఆమె లోపలికెళ్ళి టీ పెట్టింది. టోవెల్‌కి కప్పు ఇచ్చింది, తను తాగింది. విల్ఫ్‌కి ఇవ్వలేదు. అతను పెరట్లో కుళాయి కింద దోసిలి పట్టి నీళ్ళు తాగి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వంటింటి కిటికీలోంచి చూసి, బాగా అయింది అనుకుంది ఎవిస్. మళ్ళీ ఒకసారి గట్టిగా అనుకుంది.

శనివారం, ఆదివారం అతను రాలేదు. రాడు కూడా అనుకుంది. సోమవారం ఎనిమిదింటికి గేటు చప్పుడైంది. విల్ఫ్ సైకిల్ వెనక చిన్న బండి కట్టుకుని, దాంట్లో రెండు తొట్ల నిండా సున్నం తెచ్చాడు.

"ముఖం చూపించొద్దన్నానుగా?"

"గోడ తెరిచే ఉంది. వానొస్తే మళ్ళీ కొత్త దూలంలోకి దిగుతుంది. మెత్తేసి పోతాను. మీరు లోపల కూర్చోండి, నేను అటు తిరిగే పని చేసుకుంటాను."

అలాగే గోడవైపు తిరిగి పని మొదలుపెట్టాడు. మట్టీ గడ్డీ కాళ్ళతో తొక్కి కలపడం, ముద్దలు చేసి దడికి కొట్టడం, బొటనవేలితో అంచులు నొక్కడం. ఎవిస్ వంటింట్లో పాత్రలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. పదింటికి బయటికొచ్చి, బూట్లు విప్పి మట్టిలోకి దిగి తొక్కసాగింది. మధ్యాహ్నందాకా ఇద్దరూ అలాగే పనిచేశారు.

"ఒక చిన్న సాయం కావాలి," అన్నాడు విల్ఫ్ చేతులు కడుక్కుంటూ. "నా పనిబల్ల ఒకటుంది. బరువైనది. కొన్నాళ్ళు మీ కొట్టంలో ఓ మూల పెట్టుకోనిస్తారా?"

"నీ కాటేజీకి ఏమొచ్చింది?"

అతను చొక్కా జేబులోంచి కవరు తీసి ఇచ్చాడు. ఎస్టేటు కవరు. తేదీ శుక్రవారందే. గేటు వేయకుండా వెళ్ళిన మనిషి ఆ సాయంత్రమే టైపు చేయించాడు. నాలుగు వారాలు.

"టోవెల్‌కి రాయి. ఇది—"

"ఆయన పని పొలాల మీదే, మిసెస్. కాటేజీల మీద కాదు."

"ఎక్కడికెళ్తావ్?"

"జోన్ చెల్లెలి కూతురు ఉంది, లోవెస్టాఫ్ట్‌లో. సోఫా ఉందంటోంది."

ఎవిస్ కవరు మడిచి తిరిగి ఇచ్చేసింది. మట్టిచేతులు ఆప్రానుకి తుడుచుకుంది. గురువారం జాకీ పక్కన కూర్చున్నప్పుడు ఇలాంటిదే ఏదో వీడికి జరగాలని కోరుకుంది. జరిగింది. ఆ కోరిక ఆమెలో ఇంకా అలాగే ఉంది, ఒక్క పిసరు కూడా తగ్గలేదు. క్షమించానన్న మాట నోట్లోకి రాలేదు, రావాలని ఆమె ప్రయత్నించనూ లేదు. కొత్తగా మెత్తిన గోడనీ, పైన ఉత్తరపు గది కిటికీనీ చూసింది.

"పైన ఆ గది ఖాళీగా ఉంది," అంది. "గోడ తడి ఇంకా ఆరలేదు. రెండు వేసవులు పోతే గాని ఆరదు. బూజు వాసన. రాత్రిళ్ళు ఎముకల్లోకి దిగే చలి. నీ చేత్తో చేసిన పనేగా, నువ్వే పడుకుని చూడు ఎలా ఉంటుందో. బల్లా తెచ్చుకో, మంచం ఉంది."

విల్ఫ్ టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"మంచం ఏ గోడ పక్కన ఉంది?" అని అడిగాడు చివరికి.

"ఉత్తరం వైపే," అంది ఎవిస్. "జరపడానికి వీల్లేదు."